ఖాళీ గడి

చిత్తూరు శివారులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. కాయ లోడ్లతో వచ్చే రైతులకు వరస టోకెన్లిచ్చే గదిలో మేనేజర్ ధనంజయ, ఫ్యాక్టరీ వెబ్‌సైటు చూసుకునే నిస్సీ. గేటు మూసే వేళ కావస్తోంది.

"జూన్ పదకొండు సార్. బాగా గుర్తుండాది. ఆ పొద్దు మీరే బస్టాండు కాడ నుంచి పరోటా, సేర్వా తెప్పించి అందరికీ పెట్టినారు."

"సైటు స్పీడయిందని పెట్టినా. దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"ఆ పొద్దే సార్, తప్పు లోపలికొచ్చింది."

"అంటే, నేను పరోటా పెట్టింది తప్పు చేసినందుకా?"

"తెలీక చేసినా సార్. అది చెప్పేదానికే వచ్చినా."

"చెప్పు. పెర్ల్, గిర్ల్ అని కంప్యూటర్ భాషలు ఎత్తకుండా చెప్పు. నేను బీకామమ్మా."

"మన టోకెన్ ప్రోగ్రాము జయచంద్ర సార్ రాసింది కదా, ఎప్పుడో. అప్పుడు ఎట్లుండిందంటే, ఒక రైతు ఫోన్లో బటన్ నొక్కితే ప్రోగ్రాము పుడతాది. ఆయప్ప పని ఒక్కటి చూసి చచ్చిపోతాది. ఇంకొకాయన నొక్కితే మళ్లా పుడతాది."

"అందుకే నత్త మాదిరి ఉండింది."

"అవును సార్, పుట్టేదానికే సగం టైము. నేను దాన్ని చావనీకుండా చేసినా. ఒకసారి లేచినాక అట్లే కూర్చోనుంటాది. వరసగా వచ్చినోళ్లందరికీ అదే పని చేస్తాది."

"మంచిదే కదా."

"మంచిదే. కానీ జయచంద్ర సార్ ఎట్లాగూ చచ్చేదే కదా అని లోపల ఊడ్చిపెట్టలేదు. లోడు ఫలితం పెట్టే డబ్బా ఒకటుండాది. పచ్చగా 'పాస్' అనో, ఎర్రగా 'రిజెక్ట్' అనో అందులో పడతాది. ఆ డబ్బాను ఖాళీ చేసేవోళ్లు లేరు. మునుపు ప్రోగ్రాముతో పాటు అదీ పోయేది. ఇప్పుడు పోదు."

"పోకుంటే?"

"ముందరోడి లోడు రిజెక్ట్ అయింది అనుకోండి. ఎనక వచ్చినోడి కాయ ఇంకా ఎవురూ చూళ్లేదు, ఆయప్ప పేరు ఎదురుగా ఫలితం కొట్టే గడి ఖాళీగా ఉండాది. డబ్బాలో వేసేదానికి కొత్త మాట లేదు. అప్పుడు ముందరోడి రిజెక్టే ఈయన ఫోనుకు పోతాది."

"కాయ చూడకుండానే?"

"చూడకుండానే సార్. గేటు కాడ మునివెంకటప్ప ఫోను చూస్తాడు, ట్రాక్టరు తిప్పు అంటాడు. ఒకసారి రిజెక్ట్ అయిన లోడుకు మళ్లా టోకెన్ ఇయ్యం. అంతే, అయిపోయింది."

"క్యూలో అందరికీ ఇట్లే వస్తా ఉండాదా?"

"లేదు సార్. గడి ఖాళీగా ఉన్నోళ్లకే. పరీక్ష చేసే మునిలక్ష్మక్క వచ్చి కాయ కోసి, ఏదో ఒక మాట కొట్టిందంటే ఆ మాటే పడతాది. ముందరోడిది తుడుచుకొని పోతాది. ఆయక్క ఇంకా రానోళ్లకే ఈ గతి."

"మరి ఇన్ని దినాలుగా ఏం చేస్తా ఉండావు? రైతులు అరస్తానే ఉండారు కదా."

"ప్రోగ్రామును పరీక్ష చేస్తానే ఉండాను. నాకు ఆ తప్పు ఒక్కసారి కూడా రాలేదు. నాకొక అలవాటు సార్. ఏదన్నా పరీక్ష చేసే ముందర ప్రోగ్రామును ఆపి, కొత్తగా లేపుతాను. కొత్తగా లేస్తే డబ్బా ఖాళీగానే ఉంటాది. ఈ పొద్దు తొందరలో ఆపకుండానే నొక్కినా. అప్పుడు దొరికింది."

"అంతవరకూ వాళ్లకేం చెప్తా వచ్చినావు?"

"రెండుసార్లు నొక్కింటారు అన్నా. నెట్టు సరిగా లేదన్నా. ఒక పెద్దాయన, నాకు నొక్కేది రాదులేమ్మా, నాదే తప్పని చెప్పి పోయినాడు. ఆయన ట్రాక్టరు గేటు దాటేదాకా చూస్తానే ఉండా సార్ నేను."

"ఊ. బాగుచేయాలంటే ఎంత పని?"

"ఒక్క లైను. ఆ డబ్బాను లోపలికి తెచ్చి, వచ్చిన ప్రతి ఒక్కరికీ కొత్తది ఇయ్యాల. అంతే."

"లేకుంటే మళ్లా పాత మాదిరి పెట్టేస్తే? పుట్టేది, చచ్చేది."

"అదీ చేయొచ్చు. కానీ క్యూలో ఫోను పట్టుకొని ఎండలో నిలబడతారు సార్, పాపం. లైను మార్చేదే మేలు. మార్చి పెట్టుకోనుండా. మీరు ఊ అంటే ఒకసారి ఆపి లేపుతా. చెంబుడు నీళ్లు తాగేంత సేపు పట్టదు."

"ఇది ఇంకెవురికి తెలుసు?"

"జయచంద్ర సారుకు ఫోన్ చేసినా. తిరపతిలో ఉండాడు కదా. నవ్వినాడు. అది ఇన్నేళ్లు బతుకుతాదని నేను అనుకోలేదమ్మా అన్నాడు."

"ఆయనకి రిజెక్ట్ సంగతి చెప్పినావా?"

"లేదు సార్. డబ్బా సంగతి మాత్రమే అడిగినా."

"మంచి పని చేసినావు. చెయ్యి తియ్యి దాని మీద నుంచి."

"సార్?"

"కీబోర్డు మీద నుంచి చెయ్యి తియ్యమంటా ఉండా."

"సార్, వరదయ్య అని ఒకాయన గేటు కాడ ఉండాడు. మొన్నటి నుంచి క్యూలో ఉండాడు. మధ్యాన్నం ఆయనకీ రిజెక్టే వచ్చింది. గేటు మూసే లోపల సరిచేస్తే ఆయన లోడు లోపలికి వస్తాది. రేపు ట్యాంకులు కడుగుతారు, ఎవురినీ తీసుకోరు. ఎల్లుండికి ఆ కాయ నీళ్లయిపోతాది సార్. ఇప్పుడే అడుగున కారతా ఉండాది."

"ఏ వరదయ్య? మీటింగులో లేచినాయనా?"

"ఏ మీటింగు?"

"ఆఫీసర్లు వచ్చినప్పుడు. తూకం నా ముందర మళ్లా వేయండి అనలా? అంతమందిలో."

"ఏమో సార్, నేను రాలేదు దానికి. ట్రాక్టరు నీడకు పెట్టుకోమని మునివెంకటప్పతో చెప్పినా. కాయ మీద తడి గోతాలు కప్పించినా. అంతకు మించి ఆయనెవురో నాకు తెలీదు."

"గోతాలు కప్పమని ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలేదు."

"నిస్సీ, ఇట్ల కూర్చో. దీన్ని ఇట్లే పెడితే ఏమవుతాది?"

"ఇట్లే అంటే?"

"సీజను అయ్యేదాకా."

"సార్, కాయ చూడకుండా ఎనక్కి పంపిస్తా ఉండాం."

"మనమా? అది పంపిస్తా ఉండాది. వచ్చే కాయ ఎంత, మన ట్యాంకులెన్ని? టోకెన్ ఇచ్చినోణ్ణి కాదనకూడదని ఆఫీసర్లు చెప్పిపోయినారు. నేను కాదంటే రోడ్డు మీద కాయ పోసి ధర్నాకు కూర్చుంటారు. కంప్యూటర్ కాదంటే తల గోక్కోని ఇంటికి పోతారు. నాకు దేవుడిచ్చిన వరం మాదిరి ఉండాది ఇది. నువ్వు బాగుచేస్తానంటావు."

"తప్పు కదా సార్."

"తప్పే. ఎవురిది? రేపు పేపరోడు వచ్చి, ఇంతమంది రైతుల నోట్లో మన్ను కొట్టింది ఎవురంటే ఏ పేరు చెప్పాల నేను?"

"నా పేరే సార్."

"చెప్పను. నాక్కూడా నీ వయసు బిడ్డ ఉండాది. నిన్ను కాపాడేదానికే ఇట్లే ఉండనీ అంటా ఉండా. ఎవురక్కడ? తలుపు కాడ ఎవురు?"

"నేను సార్, వరదయ్యను. పుత్తూరు దిక్కు. చెప్పులు బయటే ఇడిసినా. రావచ్చునా?"

"రా, రా. నీ గురించే అనుకుంటా ఉండాం. ఇదో, ఈ అమ్మాయి చెప్తాది."

"సార్, నేనా?"

"నువ్వే. కంప్యూటర్ నీ చేతి కింద ఉండేది కదా. చెప్పు."

"పెద్దాయనా... మీ లోడు రిజెక్ట్ అయింది."

"ఫోన్లో అట్లే వచ్చిందమ్మా. అందుకే వచ్చినా. ఏం బాగలేదో తెలిస్తే ఇంటికాడ చెప్పుకోవాల కదా. మచ్చ ఉందన్నారా, పండు మెత్తబడిందన్నారా?"

"అది... కంప్యూటర్లో రాలేదు పెద్దాయనా."

"రాలేదా. సరేలే. గోతాలు కప్పించింది నువ్వేనంట కదా తల్లీ. గేటాయన చెప్పినాడు. సల్లగా ఉండు. ఈడికి వచ్చినప్పట్నుంచి నన్ను 'మీరు' అనింది నువ్వొక్కదానివే."

"అట్లనబాకండి."

"ఉన్నమాటే అంటా ఉండా. నాకొక్కటే బుర్రకెక్కలేదమ్మా. పొద్దున ఆ మునిలక్ష్మమ్మ వచ్చి నా కాయ కోసింది కదా..."

"వరదయ్యా, గేటుకు టైమయింది."

"ఒక్క మాట సార్. కోసి, ముక్క నోట్లో యేసుకొని, ఈ సీజన్లో ఇట్లాంటి కాయ చూళ్లేదు పెద్దాయనా అనింది. నా ముందరే చేతిలో మిషను మీద నొక్కింది. పచ్చగా వచ్చింది. నా వరస వచ్చేతలికి మధ్యాన్నమయింది. అప్పుడు నా ఫోను నొక్కితే ఎర్రగా వచ్చింది."

"పచ్చ రంగు మీరు చూసినారా?"

"చూసినా తల్లీ. చదువు లేకున్నా రంగు తెలుస్తాది కదా."

"అది వేరే లోడుదయ్యా. నువ్వు పొరపాటు పడినావు. పో, పో."

"అయ్యుంటాది సార్. మిషను చెప్పినాక ఏం చేసేది? మనిషయితే కాళ్లన్నా పట్టుకోవచ్చు. మీ వరండాలో కాసేపు నడుం వాల్చి పోతా. రెండు రాత్రులుగా నిద్ర లేదు, ట్రాక్టరు మీద కూర్చుంటే కండ్లు మూతలు పడతా ఉండాయి."

"వాల్చు, వాల్చు. నేనేం వద్దన్నానా."

"వస్తా తల్లీ. నువ్వేం మనసులో పెట్టుకోబాక."

"ఏందమ్మాయ్, అట్ల చూస్తా ఉండావు? బ్యాగు సర్దుకో. ఈ పొద్దుకు చాలు."

"సార్. ఆయన గడి ఖాళీ కాదు."

"ఊ."

"మునిలక్ష్మక్క పచ్చ నొక్కింది. నొక్కినాక ముందరోడి మాట అంటుకోదు. అంటుకునేదానికి చోటే లేదు. నా తప్పు ఆయన్ని తాకనే లేదు సార్."

"మెల్లిగా మాట్లాడు. గోడకవతలే ఉండాడు."

"ఒకసారి పచ్చ పడితే ఆయక్క కూడా మార్చలేదు. ఎర్ర చేయాలంటే మీ పాస్‌వర్డు కావాల."

"అయితే?"

"మీటింగులో లేచి అడిగినందుకా?"

"ఆయన ఒక్కడే లేచినాడనుకుంటివా?"

"ఎంతమంది సార్?"

"లెక్క నీకెందుకు. లైను ఎందుకు మార్చొద్దన్నానో ఇప్పుడన్నా తెలిసిందా? నీ తప్పు ఉన్నంతవరకే నాది కనపడదు. అది బాగయిందంటే ఇంక మిగిలేది నేనొక్కణ్ణే."

"గేటు ఇంకా వేయలేదు సార్. ఆయనొక్కడిదన్నా పచ్చ చేసేయండి. నేను ఎవురికీ చెప్పను."

"చెప్పుకో. ఎవురు నమ్ముతారు? తప్పు మీదేనని ఇన్నాళ్లూ వాళ్లకు చెప్పింది నువ్వే కదా. ఇంటికి పో అమ్మాయ్. రేపు ట్యాంకులు కడిగేదే, పెందలాడే రావాల్సిన పని లేదు. పోతా పోతా తలుపు మెల్లిగా వెయ్యి. పాపం, పెద్దాయనకు ఇప్పుడే కునుకు పట్టింది."