బకెట్టు నీళ్ళ వాన

ఆ మగ్గం ఒక్క నిమిషం ఆపరాదా గౌతమీ? మూడు దినాల నుంచి వస్తాండా. నేను నోరు తెరిస్తే చాలు, ఇంకా గట్టిగా తొక్కుతావు. ఈ శశితో మాట్లాడేది లేదని ఒట్టేమన్నా పెట్టుకున్నావా?

సరేలే, ఆపొద్దు. నేసుకుంటానే విను. బంతి తన్నే కాలితో మగ్గం తొక్కుతాంటే నాకే చూడబుద్ధి కాదు.

అంతా ఆ సినిమాతోనే వచ్చిందే! ప్రశాంతి మేడం కంప్యూటర్ రూములో మన టీమునంతా కూర్చోబెట్టి ఫుట్‌బాల్ సినిమా ఏసింది కదా. యాడి దేశమో, ఏం భాషో! ఒక్క మాట అర్థమైతే ఒట్టు. అయినా ఏడ్చినా. నువ్వూ ఏడ్చినావు, చున్నీతో తుడుచుకుంటాంటే చూసినాలే.

అదెందుకంత బాగుండాదో తెలుసా? గెలిచినందుకు కాదే. ఆ హైస్కూలు పిల్లోళ్ళు ఆఖరాట ఆడతాంటే, ఆకాశానికి చిల్లు పడినట్టు వాన! అందరి మొగాల నిండా బురదే. ఎవరు ఉన్నోళ్ళో ఎవరు లేనోళ్ళో తెలీదు. ఆ పిల్ల ఎగిరి తంతే బంతి నీళ్ళు చిమ్ముకుంటా పోయి గోల్లో పడుతుంది. అబ్బా! వాన లేకుంటే అది ఉత్త ఆటే కదే?

మనకేముండాది? గరుసు నేల. పడితే మోకాలి తోలు ఆడనే ఉండిపోతుంది. మబ్బు వస్తుంది, మనల్ని చూస్తుంది, కర్ణాటకకు పోతుంది.

నల్లమాడోళ్ళతో ఫైనలు. "గెలిస్తే స్పోర్ట్స్ హాస్టలుకు పంపుతా, ఓడితే మగ్గం ఎక్కాల" అని మీ నాయన అందరి ముందరే అన్నాడు. ఒకటికొకటి గోలు. ఆఖరి నిమిషంలో మనకే పెనాల్టీ. నువ్వు పరిగెత్తుకొచ్చినావు... కాలు జారింది. బంతి యాడికో పోయింది. ఆ వెంటనే వాళ్ళే ఇంకో గోలేసి గెలిచినారు.

"ఎండలో ఆడ తడి యాడిది?" అన్నారు కొందరు. మీ నాయన మటుకు, "కండ్లు నెత్తికెక్కినాయా?" అని నిన్నే తిట్టినాడు. ఎవరూ నీ వైపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఎట్ల మాట్లాడేది?

ఆట సగంలో మీరంతా నిమ్మకాయ ముక్కలు చీకుతాండారు కదా. అప్పుడు తాగే నీళ్ళ డ్రమ్ములో ఒక బకెట్టు ముంచుకుని పోయి, మళ్ళీ మనం తన్నాల్సిన గోలు ముందర పోసినా. నేనే. నువ్వు బురదలో తంతే అచ్చం సినిమా మాదిరి ఉంటాదని. నీకోసం వాన తెచ్చినా అనుకున్నానే!

జారతావని తోచనే లేదు. మనం బురదలో ఎప్పుడన్నా పరిగెత్తినామా, తెలిసేకి?

...ఏమే, ఆపినావేం?

అట్ల చూడొద్దు. తిట్టు. రెండు దెబ్బలన్నా కొట్టు.

పోనీ, మగ్గమన్నా తొక్కవే గౌతమీ. ఆ సప్పుడే మేలు.