కొండకి తొడిగిన కోటు

"నేనేమీ ఘనకార్యం చెయ్యలేదు మాస్టారూ. నాలుగు గుండీల కోసం ఒక్కణ్ణే సైకిలేసుకుని కొండవతలి ఊరికి వెళ్ళొచ్చాను. అంతే," అన్నాడు టేపు మామ.

మా వీధిలో ఇంకెవరైనా 'అంతే' అన్నారంటే మాట అయిపోయినట్టు. టేపు మామ అన్నాడంటే అప్పుడే మొదలైనట్టు. ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు, అందుకే ఆ పేరు. నా టీ కొట్టుకీ ఆయన దుకాణానికీ మధ్య ఒకటే గోడ, ముందు ఒకటే అరుగు. ఆ మధ్యాహ్నం అరుగు మీద లెక్కల మాస్టారూ, ఆయన భార్యా కూర్చుని ఉన్నారు. సాయంత్రం అయిదింటికి బడిలో మాస్టారికి వీడ్కోలు సభ. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్కనాడూ కోటు తొడిగిన పాపాన పోలేదు. ఈ ఒక్క రోజు కోసం మంచి గుడ్డ కొని, నెల కిందట టేపు మామ చేతిలో పెట్టారు. తీరా చూస్తే ఎనిమిది రోజులుగా దుకాణానికి తాళం. ఇవ్వాళే తీశాడు. కోటు తీసుకుపోదామని వాళ్ళు వచ్చేసరికి ఒకటిన్నర.

"ముందు కోటు సంగతి చెప్పు బాబూ," అన్నారు మాస్టారి భార్య.

"కోటు సంగతే కదమ్మా చెబుతున్నది! కోటంతా అయింది, ఇస్త్రీ కూడా అయింది, మిగిలింది గుండీలే. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఛాతీ మీద ప్లాస్టిక్ గుండీలు కుట్టమంటారా? నాకు చేతులు రావమ్మా. అసలు సిసలైన గుండీలు కొండవతల ఒకే ఒక్క కొట్లో దొరుకుతాయి. బస్సులో వెళ్ళొచ్చు కదా అంటారు, వెళ్ళొచ్చు, కోటు నలిగిపోదూ? గుండీ పట్టి చూసుకోవాలంటే కోటు వెంట ఉండాలి. అందుకని హ్యాంగరుతో సహా వీపుకి తగిలించుకుని బయల్దేరాను. ఎంత దూరమనుకున్నారు? నూట ఎనభై కిలోమీటర్లు!"

"పోయిన నెల ఆ ఊరు అరవై కిలోమీటర్లే అన్నావు కదా మామా?" అన్నాడు ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకున్న అతను, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

"అది వెళ్ళకముందు దూరం అల్లుడూ. వెళ్ళినవాణ్ణి నేను, నన్నడుగు. సరే, మొదటి రోజు పెద్దగా ఏం తొక్కలేదు, ఓ డెబ్భై. చెమట కూడా పట్టలేదు. ఎందుకు పడుతుంది? ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్న కాళ్ళివి. ఆ తొక్కుడంతా రోడ్డు మీద తొక్కి ఉంటే ఈపాటికి భూమిని రెండు చుట్లు చుట్టేసి, మళ్ళీ వచ్చి మన బావ కొట్లో టీ తాగుతూ ఉండేవాణ్ణి. సాయంత్రానికి దారిలో ఓ లాడ్జిలో దిగాను. పడుకోగానే నాకు నిద్ర పట్టింది కానీ కాళ్ళకి పట్టలేదు. అవి తొక్కుతూనే ఉన్నాయి. పొద్దున్నే ఏమైందో తెలుసా? కళ్ళు తెరిచేసరికి మంచం నాతో సహా గేటు దాటి రోడ్డు మీద పోతోంది. వెనకాల లాడ్జి ఆయన రొప్పుతూ పరిగెత్తుకొస్తున్నాడు, 'అయ్యా, మీరు వెళ్ళండి, మంచం మాది' అని!"

మాస్టారు ఫక్కున నవ్వారు. భార్య ఒక్క చూపు చూసేసరికి నవ్వు మింగేశారు.

"మంచం మెట్లెలా దిగింది మామా?"

"కింది గది తీసుకున్నాను. మనిషన్నాక ముందుచూపుండాలి అల్లుడూ. రెండో రోజు ఎదురుగాలి. అలాంటిలాంటి గాలి కాదు, నేను ముందుకి తొక్కుతుంటే రోడ్డు వెనక నుంచి నన్ను దాటి పోతోంది. ఇలా కాదని సైకిల్ ఆపి, సంచిలోంచి కత్తెర తీశాను. గాలిని నిలువుగా కోస్తే మళ్ళీ అతుక్కుపోతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. అందుకని క్రాసుగా కోశాను. చెరో ముక్కా చెరో పక్కకి ఒరిగింది, ఆ సందులోంచి నేను దూసుకుపోయాను. నా వెనకే రెండు లారీలు. డ్రైవర్లు నాకు దండం పెట్టి మరీ వెళ్ళారు."

"రెండు కావస్తోంది," అన్నారు మాస్టారి భార్య.

"ఇదిగో, కొండ దగ్గరికి వచ్చేశామమ్మా, ఇంకెంతసేపు! బావా, అమ్మగారికో టీ ఇవ్వు."

ఇచ్చాను. ఆవిడ గ్లాసు తీసుకుని పక్కన పెట్టారు, తాగలేదు. ఆవిడ చూపంతా దుకాణం లోపలే ఉంది. టేపు మామ కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ గుమ్మానికి అడ్డంగా జరిగి కూర్చున్నాడు.

"కొండంటే మామూలు కొండ కాదు మాస్టారూ. నలభై ఒక్క మలుపులు. మిగతా చోట్ల రోడ్డు పడుకుని ఉంటుంది, అక్కడ నిలబడి ఉంటుంది. ముందు చక్రం నా నెత్తి మీద, వెనక చక్రం నా మడమల కింద. సీటు మీంచి జారిపోతున్నాను. ఏం చేశానో తెలుసా? సూదీదారం తీసి నా ప్యాంటుని సీటుకేసి కుట్టేశాను. డబుల్ దారం! ఇంక జారమనండి చూద్దాం. ఇరవయ్యో మలుపు దగ్గర నాకు ముందు ఎవడో సైకిల్ మీద పోతున్నాడు. ఒంటరి ప్రయాణం అనుకుంటే వీడెవడని నాకు ఒళ్ళు మండింది. బెల్లు కొట్టాను, తప్పుకోడు. మళ్ళీ కొట్టాను. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే నేనే!"

"నువ్వేనా?" అన్నారు మాస్టారు.

"నేనే మాస్టారూ, నా మొహమే! ఆ మలుపు అంత ఇరుకు. మనం తిరుగుతుంటే మన వీపు మనకే ఎదురొస్తుంది. నా వీపు మీద కోటు ఎంత బాగా కుదిరిందో అప్పుడే చూశాను. దర్జీకి తన పని వెనకనించి చూసుకునే అదృష్టం ఊరికే దొరుకుతుందా?"

"మరి దాటావా?"

"వాణ్ణా? దాటాను. నాకు కోపమూ వచ్చింది, నా మీద గర్వమూ వేసింది. సరే, ఇంక పది మలుపులు ఉన్నాయనగా చైను తెగింది."

"అదెలా తెగుతుంది?" సైకిల్ షాపతను లేచి నిలబడ్డాడు. "పోయిన నెలే కదా కొత్తది వేశాను!"

"నువ్వు వేసింది కాబట్టే ముప్పై మలుపులు ఓర్చుకుంది అల్లుడూ. ఇంకొకడు వేసిందైతే ఊరి పొలిమేరలోనే పోయేది. చుట్టూ చూస్తే మనిషి లేడు, షాపు లేదు. మెడలోంచి టేపు తీశాను. పళ్ళ చక్రాల మీద చుట్టి రెండు కొసలూ కలిపి కుట్టేశాను. తొక్కుతుంటే ఏ అంగుళం ఎక్కడ తిరుగుతోందో కళ్ళకి కనబడుతోంది. అయితే ఆ లాగుడికి పాపం టేపు సాగింది, అరవై అంగుళాలది అరవై మూడయింది. మన బావ చొక్కా బిగుతైంది అందుకే."

నా చొక్కా ఆయన కుట్టింది పోయిన ఏడాది.

మాస్టారి భార్య లేచారు. "దాహంగా ఉంది. లోపల కుండ ఉందా?"

"అయ్యో, కూర్చోండమ్మా! లోపల ఉక్క, చీకటి, కాలు పెడితే సూదులు. బావా, నీళ్ళివ్వు! అసలు సంగతి ఇప్పుడే వస్తోందమ్మా. నాలుగు మలుపుల్లో కొండ అయిపోతుందనగా రోడ్డు చిరిగిపోయి ఉంది. అవతలి ముక్క అక్కడ, ఇవతలి ముక్క ఇక్కడ, మధ్యలో అగాధం. ఆ అంచు దగ్గర ఆగిపోయిన బస్సులో జనం హాహాకారాలు. నేను దిగాను."

"ప్యాంటు సీటుకి కుట్టేసి ఉంది కదా మామా?"

"సీటుతో సహా దిగాను! రెండు అంచులూ దగ్గరికి లాగి, ముందు కచ్చా కుట్టు వేశాను. నిలబడుతుందా లేదా అని నా సైకిల్ నడిపి చూశాను. తర్వాత గట్టి కుట్టు. అంచులు మడిచి మరీ కుట్టాను. ఈ క్షణాన వెళ్ళి చూడండి, బస్సులు ఆ కుట్టు మీదే పోతున్నాయి, చక్రం కింద టకటకమని చప్పుడొస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" మాస్టారు ముందుకి వంగారు. పక్కన భార్య లేచి వెళ్ళింది కూడా ఆయన గమనించలేదు. నీళ్ళ చెంబుతో నేను వస్తుంటే ఆవిడ నాకు కళ్ళతోనే వద్దని చెప్పి, టేపు మామ వెనక నుంచి లోపలికి నడిచారు. టేపు మామ అప్పటికి శిఖరానికి చాలా దగ్గర్లో ఉన్నాడు.

"పైకి చేరాను. ఏం చలి మాస్టారూ! నాకు కాదు, నేను తొక్కుతున్నాను కాబట్టి వేడిగానే ఉన్నాను. కొండ వణుకుతోంది. ఇంత ఎత్తున, ఒంటి మీద చెట్టూ చేమా లేకుండా, ఎన్నేళ్ళనించి అలా నిలబడి ఉందో పాపం! పళ్ళు కటకటలాడుతున్నాయి. బండరాళ్ళు దొర్లుతున్నాయని కిందివాళ్ళు అనుకుంటారు, కాదు, అవి కొండ పళ్ళు. దర్జీవాణ్ణి, వణుకుతున్న ఒళ్ళు కనబడితే నా చేతులు ఊరుకుంటాయా? చైనుగా ఉన్న టేపు విప్పి శిఖరం చుట్టూ పట్టాను. ఛాతీ ముప్పై ఎనిమిది. భుజం పదిహేడున్నర. మాస్టారూ, ఒట్టు, వెంట్రుకవాసి తేడా లేదు, అచ్చం మీ కొలతే!"

మాస్టారు తనకి తెలియకుండానే భుజాలు విరిచి నిటారుగా కూర్చున్నారు.

"ఇంకేముంది, కోటు తీసి కొండకి తొడిగాను. తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటానని చెప్పి, అవతలికి దిగి, గుండీలు కొనుక్కుని మళ్ళీ ఎక్కొచ్చాను. కోటు ఇమ్మన్నాను. ఇవ్వదు! ఓ చెయ్యి పట్టుకుని లాగాను. తుమ్మింది. ఆ తుమ్ముకి నేను మూడు మలుపులు కిందికి వచ్చి పడ్డాను. మీరే చెప్పండి మాస్టారూ, మీరు పిల్లల్ని ఒక్క దెబ్బ కూడా వెయ్యని మనిషి, చలికి వణికేదాని ఒంటి మీంచి కోటు లాగమంటారా? అనరు. ఆ నాలుగు గుండీలూ దానికే కుట్టి వచ్చేశాను. ఇవ్వాళ సభకి కోటు లేదంటే మీకు కాస్త ఇబ్బందే, కాదనను. కానీ ఇంత పెద్ద కొండ మీ కోటు తొడుక్కుందంటే ఎంత గౌరవం!"

"కొండ దిగొచ్చిందయ్యా నీ కోటు," అన్నారు మాస్టారి భార్య.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో నీలం రంగు కోటు, నాలుగు గుండీలతో సహా. "బల్ల కింద అట్టపెట్టెలో, పాత పరదాల అడుగున పడుకుని ఉంది. ఏమండీ, తొడుక్కోండి."

మాస్టారు లేచి తొడుక్కున్నారు. ఛాతీ కుదిరింది, భుజాలు కుదిరాయి, ఎడమ చెయ్యి చక్కగా దిగింది. కుడి చెయ్యి దగ్గర ఏదో తేడా వచ్చింది. మోచెయ్యి ముందుకి వంగాలంటే గుడ్డ వెనక్కి లాగుతోంది. మాస్టారి చెయ్యి వెనకెవరినో రమ్మని పిలుస్తున్నట్టు తయారైంది.

"రెండూ ఎడమ చేతులే కుట్టావు," అన్నారావిడ.

సైకిల్ షాపతను పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది కానీ టేపు మామ మొహం చూసేసరికి జాలేసింది. ఆయన మెడలోని టేపు తీసి, వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"గుడ్డ రెండు పొరలు ఎదురెదురుగా మడిచి కొయ్యాలమ్మా," అన్నాడు చివరికి, తల దించుకుని. "అప్పుడే ఒకటి కుడీ ఒకటి ఎడమా వస్తాయి. ఆ రోజు ఎవరికో ఏదో కథ చెబుతూ మడవడం మర్చిపోయాను. ఒక్కో పొరా విడిగా పరిచి కోసేశాను. మిగిలిన గుడ్డ లేదు. మాస్టారికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలీక వారం రోజులు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను."

"మరి సైకిలూ, కొండా?" మాస్టారి గొంతులో ఆశ ఇంకా చావలేదు.

"నిన్న వెళ్ళింది నిజమే మాస్టారూ. అదే రంగు గుడ్డ కోసం పక్క ఊరికి. పద్దెనిమిది కిలోమీటర్లు. దారిలో రైలు పట్టాల మీద వంతెన ఒకటుంది. దిగి తోసుకుంటూ ఎక్కాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను."

"గుడ్డ దొరికిందా?" అన్నారావిడ.

"దొరికిందమ్మా. ముప్పావు మీటరు. లోపల సంచిలో ఉంది."

"చెయ్యి కుట్టి అతకడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంట. మహా అయితే గంటంబావు."

ఆవిడ నా కొట్లో గడియారం వైపు చూశారు. రెండున్నర దాటింది. "నువ్వు కొండెక్కింది కూడా గంటే. ఆ నోరు కట్టేసుకుని మిషను మీద కూర్చుని ఉంటే, ఈపాటికి మా ఆయన కోటు తొడుక్కుని ఇంటికి వచ్చి ఉండేవారు."

"ఒకసారి ఎక్కడం మొదలెట్టాక దిగడం నాకు చేతకాదమ్మా," అన్నాడు టేపు మామ. ఆ మాట మాత్రం నేను నమ్మాను.

"పోనీలే, చొక్కాతోనే వెళ్తాను," అన్నారు మాస్టారు.

"ముప్పై నాలుగేళ్ళూ చొక్కాతోనే వెళ్ళారు. ఇవ్వాళ కోటుతో వెళ్తారు," అని ఆవిడ దుకాణంలోకి వెళ్ళి గుండుసూదుల డబ్బా తెచ్చారు. "దర్జీలు పని చేసేటప్పుడు ఇవి ఎక్కడ పెట్టుకుంటారు బాబూ?"

"పెదాల మధ్యమ్మా."

"ఎన్ని?"

"మూడో, నాలుగో."

ఆవిడ లెక్కపెట్టి పన్నెండు తీసి ఇచ్చారు. టేపు మామ ఆ పన్నెండూ పెదాల మధ్య బిగించి, సంచిలోంచి గుడ్డ తీసి, మాస్టారు విప్పిచ్చిన కోటుకి కుడి చెయ్యి ఊడదీసి, ఈసారి తిరగేసి చూసుకుని మరీ కత్తెర పెట్టాడు. తర్వాత మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి మాస్టారు ఉండబట్టలేక గుమ్మంలోంచి తొంగి చూశారు.

"ఒక్కటి చెప్పవయ్యా. ఆ ఇరవయ్యో మలుపులో నువ్వు దాటినవాడు కూడా నువ్వే కదా? మరి నీ వెనక రెండోవాడిగా పైకి చేరింది ఎవరు?"

టేపు మామ కళ్ళు వెలిగాయి. మొహమంతా కదిలింది. "ఊఁ, ఊఁ," అన్నాడు.

"మీరిటు రండి," అన్నారావిడ.

నాలుగు కాకముందే మాస్టారి కుడి చెయ్యి కుడి పక్కకి వచ్చింది.