రాజమల్లు డాబా బడి

రాజమల్లు నోరు తెరిచాడంటే ఇక మూయడని, ఊళ్లొదిలి నేతపనికి భేస్తాన్ వచ్చిన మనవాళ్లందరికీ తెలుసు. ఎందుకు మూయడో మాత్రం ఎవరికీ తెలియదు. ముప్ఫై రెండేళ్లు సాంచాల, అంటే కరెంటు మగ్గాల, హోరులో నిలబడి నేత నేసేసరికి అతని చెవులు పోయాయి. సాంచాల దగ్గర అది బయటపడదు. అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. దారం తెగితే ఒక సైగ, సేఠ్ వస్తే ఒక సైగ. బయట కూడా రాజమల్లు మనుషుల మూతులు చూసే నెట్టుకొచ్చాడు. తీరా కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డ కట్టేసరికి అతనికి ఎవరి మాటా అందకుండా పోయింది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గు. అందుకని ఎదుటివాళ్లకు సందు దొరక్కుండా తానే మాట్లాడేవాడు.

రెండో విడత జ్వరాలు తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం, మన సంఘం గది అరుగు మీద పదిమంది చేరారు, మాస్కులు ముక్కుల మీదికి లాక్కుని. బళ్లు ఇంకా తెరవలేదు. పిల్లలకు సంఘం గదిలో రోజూ రెండు గంటలు చదువు చెప్పే మనిషిని పెట్టాలి. సంఘం పెద్ద పరమేశ్వర్, ఇంటర్ పాసైన ఊర్మిళ వైపు చెయ్యి చూపించడం కనబడగానే రాజమల్లు గబుక్కున లేచాడు. ఆ పని అతనికి కావాలి. భార్య పోయి ఆరేళ్లయింది. గదిలో తోడున్న ముగ్గురూ లాక్‌డౌన్‌లో ఊరికి పోయి మళ్లీ రాలేదు. సాంచా ఆపి ఇంటికొస్తే అతని ముఖం చూసే మనిషి లేడు.

"జర నా మాట ఇనుండ్రి. సారు గావాలంటే సదువుకోవాల్నా ఏంది? నేను బతికి సారునైన. మన బ్రహ్మచారికి తెగిన దారం ముడేసుడు ఒక్క పూటల నేర్పింది ఎవరు? గంతకుముందు ఆనికి లుంగి ముడి గూడ నిలువకపోవు."

ఎదురుగా కూర్చున్న బ్రహ్మచారి కళ్లు నవ్వాయి. ఆ మాత్రం చాలు రాజమల్లుకు.

లాక్‌డౌన్ పెట్టి సాంచాలన్నీ ఆగిన రోజుల్లో తాను డాబా ఎక్కానన్నాడు. ఎదురు డాబా మీద ఒక ఆడపిల్ల ఏడో ఎక్కం రాక ఏడుస్తోందట. దగ్గరికి పోతే పోలీసులు కొడతారు, అందుకని ఇక్కడినుంచే వేళ్లతో చూపించాడట. సాయంత్రానికి ఎక్కం వచ్చేసిందట.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? తెల్లారి పదిమంది. మూడోనాడు గల్లీల ఏ డాబా మీద సూసినా పిల్లలే, గోడలు కనవడుతలేవు."

మూలన కూర్చున్న లింగం, సాంచా నడిపించమన్నట్టు వేలు గుండ్రంగా తిప్పాడు. రాజమల్లు కథ నడిపించాడు. నగరం ఆ చివర వరాఛాలో వజ్రాలు సానపట్టేవాళ్ల పిల్లలు నీళ్ల ట్యాంకులెక్కి, తండ్రుల భూతద్దాలు కంటికి పెట్టుకుని తన చేతులనే చూశారట. నది అవతల అడాజన్‌లో ఇటు ముఖం ఉన్న బాల్కనీల కోసం అపార్ట్‌మెంట్లలో కొట్లాటలయ్యాయట. చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు కూడా తన చేతులు చూసి చేతులు తిప్పడం మొదలుపెట్టాడట, ఖాళీ రోడ్డు మీద. కూలీలను ఊళ్లకు తీసుకుపోయే రైలు, తన చెయ్యి చూసి సిగ్నల్ అనుకుని ఆగిపోయిందట. లోపలున్న పన్నెండు వందల మందీ ఎక్కం అప్పజెప్పాకే దాన్ని పోనిచ్చాడట. దారిలో బల్లార్షా స్టేషను చేరేసరికి వాళ్లు పంతొమ్మిదో ఎక్కంలో ఉన్నారట.

"పావురాలు గూడ ఏడేడు లెక్కన కూసునేటియి. ఎనిమిదోది వస్తే మిగిలినయి పొడిచి లేపేటియి."

అందరి భుజాలూ నవ్వుతో ఊగాయి. ఒక్క లలితమ్మ మాస్కు మాత్రం మాటిమాటికీ కదులుతోంది. ఏదో అడుగుతోందని అతనికి తెలుస్తూనే ఉంది. ఏం అడుగుతోందో తెలియక, ఆగమన్నట్టు చెయ్యెత్తి కథ సాగదీశాడు. చివరికి లలితమ్మ లేచి అతని ఎదురుగా వచ్చి మాస్కు గడ్డం కిందికి లాగింది.

"కాకా, గా లాక్‌డౌన్ రెండు నెలలు మన గల్లీల పిల్లలు యాడున్నరు? అందరు ఊర్లకు పోయిండ్రు. మా ఆయన దవాఖానల ఉండె, ఇంట్ల నేనొక్కదాన్నే మిగిలిన. నువ్వు డాబా మీద ఉత్తగనే చేతులు ఊపుకుంట నిలవడ్డవ్. కిటికీలకెల్లి రోజూ సూసిన."

రాజమల్లు ఆమె పెదవుల మీదినుంచి చూపు తిప్పలేకపోయాడు. ఏడాది తర్వాత ఒక మనిషి మాట అతనికి పూర్తిగా అందుతోంది.

"రోజూ పిలిచిన, అన్నం తిన్నవా కాకా అని. ఒక్కనాడు తిరిగి సూడకపోతివి. గర్వం అనుకున్న, కాకా. ఇప్పుడు నాలుగుసార్లు అడిగిన, పిల్లలు తప్పు చెప్తే ఎట్ల దిద్దుతవని. నీకు వినవడుతలేదు గదా?"

అతనికి కోపం రాలేదు. సిగ్గు కూడా వేయలేదు. ఆ ఖాళీ గల్లీలో తనను ఒకరు రోజూ పిలిచారన్న దుఃఖం ఒక్కటే మిగిలింది. అరుగు అంచున కూలబడి, పరమేశ్వర్ వైపు తిరిగాడు.

"ఊర్మిళనే పెట్టుండ్రి. సారు అడిగితే పిల్లలు నోరు తెరిచి జవాబు చెప్తరని ఆశపడ్డ. నాకు మూతి కనవడకుంటే ఏం వినవడది."

ఎవరైనా ఏమైనా అన్నారేమో, అతను చూడలేదు. లలితమ్మనే చూస్తున్నాడు.

"గప్పుడు అడిగింది ఇప్పుడొక్కపారి అడుగు, బిడ్డా."

లలితమ్మ అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "అన్నం తిన్నవా, కాకా?"

"తినలే బిడ్డా," అన్నాడు రాజమల్లు. "ఒక్కనికి ఏం వండుకోబుద్ధి గాలే."