బకెట్‌లో పులిసిన షిరాజ్

ఆస్ట్రేలియాలోని హంటర్ లోయ చుట్టూ అడవులు తగలబడి, పొగ మూడు వారాలు ద్రాక్షతోటల మీదే కూర్చుంది. నిరుడు జ్వరమొచ్చి వాసన పట్టే శక్తి పోగొట్టుకున్న బ్రాన్విన్, వైన్‌కి పొగ పట్టిందేమో తేల్చుకోడానికి, కోతకు ముందు షిరాజ్ అనే నల్లద్రాక్ష పళ్లు ఒక బకెట్ పులియబెట్టి, తమ్ముడు డెస్మండ్‌ని పిలిచింది.

"పొగ వాసన వస్తోందా?"

"ఆగక్కా, గ్లాసు ముక్కుదాకా రానీ."

"నన్ను చూసి జాలిపడి అబద్ధమాడావంటే ఊరుకోను."

"నిన్ను చూస్తే భయమే గానీ జాలెందుకు?"

"వాగు పక్క ఇసుకలో ఉన్న తెల్లద్రాక్ష, సెమియాన్, పొగ రాకముందే కోసేశాం. ఈ ఎర్రమట్టి మీది షిరాజే పండక నిలబడిపోయింది. ఏం వాసనొస్తోందిరా?"

"మిరియాల వాసన."

"ఇంకా?"

"నేరేడు పళ్ల లాంటి వాసన. కొంచెం తడిమట్టి."

"బూడిద?"

"లేదు."

"మింగి చూడు. మింగాకే బయటపడుతుందంటారు."

"మింగాను. లేదక్కా."

"నిజంగా?"

"పొద్దున మా తోటదీ ఇలాగే చూశా. పొయ్యి నాకినట్టుంది. అది నోట్లో పెట్టుకున్నవాడికి తేడా తెలీదా?"

బ్రాన్విన్ చేతిలోని కూజా పక్కన పెట్టేసింది.

"నీ పంట పోయిందా? వచ్చి ఇంతసేపైంది, చెప్పవేం?"

"గట్టు అవతల, మా వైపు గాలి కదలలేదు. నీకు వాగు మీది గాలి వీచి పొగ పట్టలేదు. ఒకటైనా దక్కింది కదా, నాకదే పదివేలు."

"అయితే రేపు మీవాళ్లందర్నీ తీసుకురా. ఈ ఏడు ఇద్దరం కలిసి దీన్నే కోద్దాం, దీంతోనే వైన్ చేద్దాం."

"సరే."

"ఇంకో గ్లాసు పోస్తున్నా. మెల్లగా తాగు. ఏమేం వాసనలొస్తున్నాయో ఒక్కటీ వదలకుండా నాకు చెప్పు."