చిటికెడు పులిపిండి

ఇరాక్ ఉత్తర కొండల్లో తెల్లవారుతోంది. పొగమంచులో అక్రోటు చెట్లు తేలుతున్నట్టున్నాయి. స్వీడన్‌లోని తన చర్చికి ఏడాది సెలవు పెట్టి వచ్చిన పడుచు గురువుకు ఇది మెలకువో కలో తెలియడం లేదు. ఎదురుగా, ఊరంతా ఖాషా అని పిలిచే ముసలి గురువు రొట్టెకు పిండి పిసుకుతున్నాడు.

"ఏం వెతుక్కుంటూ వచ్చావు నాయనా?"

"మొదలు, ఖాషా. అక్కడ ప్రార్థన చదువుతుంటే నోరు కదులుతోంది గానీ మనసు కదలట్లేదు."

"వేళ్లున్నాయో లేవోనని పెరికి చూస్తే చెట్టు బతుకుతుందా?"

"ప్రభువు చివరి విందు నాటి పులిపిండి చర్చి నుంచి చర్చికి చేతులు మారుతూ వచ్చిందంటారుగా. మీ జాడీ ఒక్కసారి చూపించండి, చాలు."

"అదిగో, మూత తీసి చూసుకో."

"ఇది ఖాళీగా ఉందే!"

"యుద్ధంలో చర్చి తగలబడింది, పులిపిండి మాడిపోయి జాడీ ఒక్కటే మిగిలింది. చుట్టుపక్కల ఊళ్లదీ అదే గతి. అది కలపని రొట్టెతో ఆరాధన చేయకూడదు, అందుకే రెండేళ్లుగా ఇక్కడ ఆరాధన లేదు. మీ బిషప్ నీ చేతికేదో ఇచ్చానన్నాడే?"

"ఆఁ, ఈ డబ్బీ. మా చర్చి జాడీలోదే, చిటికెడు."

"మీ జాడీలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదా? నలభై ఏళ్ల కిందట, ఇక్కడ నాతోపాటు గురువుగా ఉన్న మీ నాన్న ఊరు విడిచి పోతుంటే ఈ జాడీలోంచే తీసి ఇచ్చాను."

పడుచు గురువు ఆత్రంగా డబ్బీ మూత లాగాడు.

"ఒలికేను, నెమ్మది! ఊఁ, పిండిలో కలుపు."

"మీరు ప్రార్థన చదవండి, ఖాషా."

"నువ్వే చదువు నాయనా. ఇవాళ నాకు నోరు కదలట్లేదు."