అగ్గిపాడు నాటి సభ

కుళ్ళాయమ్మ ఉండె గదా, ఆయమ్మకు నలభై మేకలు, ఒక కోడలు, గుట్ట మీద నుంచి అరిస్తే ఊర్లో గిన్నెలు కదిలేంత గొంతు. మొగుడు పోయి శానా ఏండ్లాయె. కొడుకు లారీ మీద పోతే నెలకొకసారి వస్తాడు. తెల్లారితే మేకల్ని తోలుకొని ఊరెనకాల నల్లగుట్టకు పోవల్ల, పొద్దుగూకినాక రావల్ల, అంతే ఆయమ్మ బతుకు. ఒకరోజు ఏమైందంటే, పోయేసరికి గుట్ట చుట్టూరా ఇనుప కంచె ఉండాదంట. ఖాకీ చొక్కా తొడుక్కున్నోడొకడు కట్టె పట్టుకొని నిలబడినాడు. ఓ యమ్మా, వెనక్కి తోలుకో, ఇది కంకర మిషనోళ్ళ గుట్ట అంటాడు. ఎవరిచ్చినార్రా మిషనోళ్ళకు అనె ఈయమ్మ. మీ ఊరే ఇచ్చింది, మీరంతా గ్రామసభలో కూర్చొని తీసుకోండని తీర్మానం చేసినారంట గదా అన్యాడు వాడు. కుళ్ళాయమ్మకు కోపం నెత్తికెక్కింది. "నేనూ ఆ ఊరిదాన్నే గదరా, నేనెప్పుడిచ్చినా?" అనింది. వాడు జీతగాడు, కట్టె ఊపినాడు.

నేరుగా సర్పంచి తిప్పేస్వామి ఇంటికి పోయింది, మేకల్తోనే. తిప్పేస్వామి మంచోడే అనుకో, అంటే మాటకు మంచోడు. వరండాలో కుర్చీ వేసుకొని టీ తాగుతాండె. ఏం చిన్నమ్మా, మందనంతా తోలుకొచ్చినావే అన్యాడు. గుట్ట నేనే ఇచ్చినానంట నాయనా, ఎప్పుడిచ్చినానో నువ్వన్నా చెప్పు అనె ఈయమ్మ. ఆయప్ప నవ్వినాడు. "ఇచ్చినావు చిన్నమ్మా. నీ వేలిముద్ర కూడా ఉండాది. నీదొక్కటే కాదు, నూటా ఎనభై మందివి ఉండాయి" అన్యాడు. ఆ మాటకు కుళ్ళాయమ్మ తన బొటనవేలు చూసుకునింది. ఎందుకంటే, ముద్ర వేసిన మాట నిజమే! ఎండాకాలం ముందర పంచాయతీ సెక్రటరీ పుస్తకం పట్టుకొని ఇంటింటికీ వచ్చినాడు. కొత్త రేషన్ కార్డులిస్తారు, ఈడ ముద్ర వెయ్యండి అన్యాడు. అందరూ వేసిరి. పైన ఏం రాసుండాదంటే, ఏమీ రాసిల్యా, తెల్లగా ఉండె. నవ్వద్దండి, మీరూ వేసినోళ్ళే, నేనూ వేసినోన్నే.

అయినా కుళ్ళాయమ్మ కదల్యా. ఆ కాగితం నాకు చూపియ్యి అనింది. చూసి ఏం చేస్తావు, నీకు చదువొచ్చునా అన్యాడు సర్పంచి. నాకు రాదు, నా కోడలికొచ్చు అనింది. అట్లయితే అర్జీ పెట్టుకో పో అని ఆయప్ప టీ గ్లాసు కింద పెట్టినాడు. అర్జీ అంటే ముసిల్ది బెదిరిపోతాదనుకున్యాడు పాపం. కోడలు గౌరి పదో తరగతి దాకా చదివింది. ఆ సాయంత్రమే తెల్లకాగితం తీసుకొని, సమాచార హక్కు చట్టం కింద నల్లగుట్ట తీర్మానం నకలు నాకియ్యండి అని రాసింది, అత్త వేలిముద్ర వేసింది. వేసేముందు, "పైన ఏం రాసినావో చదువు" అని రెండుసార్లు చదివిచ్చుకున్యాదంట! కోడలి మీద కూడా నమ్మకం పోయె, చూడు.

గడువు ముప్పై దినాలు. గుట్ట లేదు గదా, మరి మేకలు యాడ మెయ్యల్ల? కుళ్ళాయమ్మ రోజూ పంచాయతీ ఆఫీసు కాడికి తోలుకొచ్చి, మెట్ల మీద కూర్చొనేది. మేకలు గోడ మీద కాగితాలు తినె, సెక్రటరీ పెట్టుకున్న పూలచెట్లు తినె, ఒకటి లోపలికి పోయి హాజరుపట్టీ నమిలె. సెక్రటరీ మొత్తుకుంటే, "నా గుట్ట కాగితం నా చేతికియ్యి, నా మేకల్ని నేను తోలుకుపోతా" అనేది. ఊర్లోవాళ్ళు వచ్చి, ఎందుకొచ్చిన గొడవ కుళ్ళాయక్కా, పింఛను తీసేస్తారు, గమ్మునుండు అనిరి. తీసేస్తే తీసెయ్యనీ, గమ్మునుంటే గుట్టనే తీసేసిరి గదా అనింది. ముప్పయ్యో దినం సెక్రటరీ రెండు కాగితాలు తెచ్చి ఈయమ్మ ఒడిలో వేసినాడు.

ఇంటికొచ్చి గౌరి చదువుతాంది. ఫిబ్రవరి పన్నెండో తారీకు, పొద్దున పది గంటలకు, పంచాయతీ ఆఫీసు ముందర గ్రామసభ జరిగినది, నూటా ఎనభై మంది హాజరైనారు, నల్లగుట్టను ఇచ్చుటకు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. చదివి చదివి ఆ పిల్ల ఆగిపోయింది. గోడ మీద క్యాలెండరు చూసింది. "అత్తా, పన్నెండో తారీకు నా బిడ్డకు చెవులు కుట్టిచ్చిన దినం" అనింది. కుళ్ళాయమ్మ తొడ మీద కొట్టుకొని నవ్వింది. ఆ నవ్వుకు దొడ్లో మేకలు లేచి నిలబడినాయంట.

ఎందుకు నవ్విందో చెప్తా ఉండండి. మీ ఊర్లో ఉండాదో లేదో, ఆ ఊర్లో మాఘ పున్నమికి అగ్గిపాడు అని చేస్తారు. ఎప్పుడో తాతల కాలంలో కరువొచ్చి ఊరు నాశనమైతాంటే, ఏడాదికొక దినం ఊరు విడిసిపెట్టండి, ఊరు బతుకుతాదని ఒక పెద్దాయన చెప్పినాడంట. ఆపొద్దు తెల్లారకముందే తలుపులకు తాళాలు వేసి, ముసిలీ ముతకా, గొడ్డూ గోదా, కోళ్ళూ కుక్కలూ అన్నిట్నీ తోలుకొని ఊరవతల దర్గా తోపుకు పోతారు. వండేదీ తినేదీ ఆడే, ఈ ఏడు గౌరి బిడ్డకు చెవులు కుట్టిచ్చింది కూడా ఆడే. పొద్దుగూకేదాకా ఊర్లో పొయ్యి ముట్టియ్యకూడదు, దీపం పెట్టకూడదు, అడుగు పెట్టకూడదు. సెక్రటరీ వేరే ఊరోడు, టౌన్లో ఉంటాడు, వానికేం తెలుసు? సర్పంచి ఏదో ఒక తారీకు వేసుకోప్పా అన్యాడు, వాడు వేసినాడు. ఏడాదంతా ఉండంగా ఊరు ఊరుగా లేని ఆ ఒక్క దినమే దొరికె వానికి!

ఆ కాగితాలు పట్టుకొని అత్తాకోడళ్ళు మండలాఫీసుకు పోయినారు. నాలుగుసార్లు తిప్పినారు, ఐదోసారికి ఆఫీసరమ్మ విచారణకు ఊరికొచ్చింది. పంచాయతీ ముందర షామియానా వేసిరి. ఊరంతా వచ్చింది, కానీ ఎవరికీ నోరు లేస్తే గదా. ఈ సభకు మీరు వచ్చినారా లేదా అని ఆయమ్మ అడిగితే అందరూ నేల చూస్తారు. సర్పంచి పక్కనే నిలబడి ఒక్కొక్కరి మొగం చూస్తాండె మరి. ఆఫీసరమ్మ పుస్తకం తిప్పి, కుళ్ళాయమ్మా, ఈ ముద్ర నీదేనా అనె. "నాదే తల్లీ. వేలు నాది, ముద్ర నాది. సభే నాది కాదు" అని, సర్పంచి తట్టు తిరిగింది. "నాయనా తిప్పేస్వామీ, నేను నిన్ను గుట్ట గురించి అడగను. ఒక్కమాట చెప్పు చాలు. ఆ పన్నెండో తారీకు, అగ్గిపాడు నాడు, పొద్దున పది గంటలకు నువ్వు యాడుంటివి?"

ఆయప్పకు అప్పుడు తట్టింది. దర్గా కాడ ఉంటిననాల్నా, సభ అబద్ధమైతాది. ఊర్లో ఉంటిననాల్నా... ఆఖరికి, మేము కొంతమంది ఈడనే ఉంటిమి, సభ జరిపితిమి అనేసినాడు.

అంతే, వెనక నుంచి సర్పంచి తల్లి తిమ్మక్క లేచింది. ఎనభై ఏండ్ల మనిషి, నడుము వంగిపోయి ఉండాది, గబగబా ముందరికొచ్చింది. "ఏం కూసినావురా! నా కొడుకు అగ్గిపాడు నాడు ఊర్లో ఉన్యాడా? నా కొడుకు మొక్కు తప్పినాడా? తెల్లారకముందే నన్ను బండెక్కిచ్చుకొని దర్గాకు పోలేదా నువ్వు? పొద్దుగూకేదాకా నా పక్కనే ఉంటివి గదరా! ఈ కుళ్ళాయమ్మ మనవరాలికి చెవులు కుట్టిస్తాంటే నీ ఒడిలోనే గదా కూర్చోబెట్టుకుంటివి! మా వంశంలో ఊరు విడవనోడు పుట్టలేదమ్మా, రాసుకో" అనె ఆఫీసరమ్మతో. కొడుకు పరువు నిలబెడ్తాండాననుకునింది ఆ తల్లి. తిప్పేస్వామి, అమ్మా, అమ్మా అంటాడు, ఆయమ్మ వింటే గదా.

ఇంగ జనానికి నోరొచ్చింది. గమ్మునుంటే ఊరంతా మొక్కు తప్పినట్లే గదా! నేనూ దర్గా కాడే ఉంటి అని ఒకడు లేచె, నేనూ, నా పెండ్లామూ అని ఇంకొకడు లేచె. గుట్టకోసం లేవని ఊరు అగ్గిపాడు కోసం లేచింది. లేచినాక మళ్ళీ కూర్చోల్యా, రేషన్ కార్డని ముద్రలేయించుకున్న కత కూడా చెప్పేసిరి. ఆఫీసరమ్మ రాసుకొని రాసుకొని చెయ్యి విదిలిచ్చుకొనె.

తీర్మానం కొట్టేసినారు. దండోరా వేసి, ఊరంతటినీ కూర్చోబెట్టి మళ్ళీ సభ పెడితే, గుట్ట ఇస్తామని లేచిన చెయ్యి ఒక్కటి లేదు. నెల తిరక్కుండా కంచె పీకినారు. సెక్రటరీని యాడికో మార్చినారు. తిప్పేస్వామి మీద విచారణ నడుస్తాంది, నడుస్తానే ఉంటాది, అది మనకు తెలియందా. తిమ్మక్క మాత్రం ఇప్పటికీ, నా కొడుకు మంచోడని సాక్ష్యం చెప్పి కాపాడినా అని ఊరంతా చెప్పుకుంటాది. కుళ్ళాయమ్మ మేకలు నల్లగుట్ట మీద మేస్తాండాయి. గ్రామసభ అంటే చాలు, ఆయమ్మ ముందు వరసలో కూర్చొని, నాయనా, ఈపొద్దు తారీకెంత, గట్టిగా చెప్పి రాసుకో అంటాది.

ఇదీ కత. మీరు నవ్వుతాండారు గానీ, మీరెప్పుడూ పోని సభల్లో మీరు ఏమేమి ఒప్పుకున్యారో మీకు తెలుసునా? పొద్దున్నే లేచి, పోయి అడగండి.