వలబట్టపై పూలు నిలిపిన మగ్దలీనమ్మ గారు

1931 జూన్ ఒకటవ తేదీన, భర్త మరణించి ఏడాదైనా నిండకముందే, చిన్నారి కుమార్తె సుమిత్రను పొరుగింట ఒప్పగించి, శ్రీమతి మగ్దలీనమ్మ గారు మా అమీర్‌పేట లేసు కార్ఖానాలో చేతి లేసు అల్లే పనిలో ప్రవేశించారు. మిషను పాఠశాలలో నేర్చిన ఆ విద్యే వారి ఇంటికి ఏకైక ఆధారం.

1935లో యజమాని రాజనర్సయ్య గారు ఇంగ్లండు నుండి వలబట్ట నేసే యంత్రాన్ని తెప్పించారు. గత శతాబ్దపు తొలినాళ్ళలో, అక్కడి లేసు పనివారి వేళ్ళ కదలికలను అనుకరించి కనిపెట్టిన యంత్రాల వంశమది. నిలువు దారాల చుట్టూ సన్నని కండెల దారాలు మెలివేసుకుంటూ ఏటవాలుగా సాగగా, తేనెపట్టు గదుల వంటి రంధ్రాలతో గజాలకొద్దీ బట్ట దిగేది. ఆ వారమే చేతిపని స్త్రీలందరినీ ఇక రావద్దన్నారు.

తక్కినవారు కన్నీళ్ళతో ఇళ్ళకు మరలగా, మగ్దలీనమ్మ గారు నేరుగా యంత్రశాలలోకి నడిచారు. సిరిసిల్ల నేత కుటుంబం నుండి వచ్చిన మిస్త్రీ శివరాములు గారు జంకుతూ, "పని పోయిందని ఆ దేశంల సుత గిసుంటి మిషన్లు పగలగొట్టిండ్రట. నువ్వు గట్ల చెయ్యవు గదా అక్కా?" అన్నారు.

"పగలగొడితే మాకేమొస్తది తమ్మీ? జర చూడనియ్యి." ఆమె చాలాసేపు నిలబడి చూశారు. "దీనికి వల ఒక్కటే వస్తది. పూలు రావు. మాకొస్తయి."

ఆనాడే ఒక ముక్క అడిగి తీసుకుని, దానిపై మల్లెతీగ కుట్టి యజమాని ముందుంచారు. "ఇంత నిదానంగ కుడితే ఎప్పుడు అమ్ముతమమ్మా?" అని రాజనర్సయ్య గారు తోసిపుచ్చారు. అయినా ఆమె వెనుదీయలేదు. పంజాగుట్టలోని క్రైస్తవ కుటుంబాల ఇంటింటికీ తిరిగి చూపించి, పెండ్లి ముసుగులు కోరినవారిని కార్ఖానాకే వెంటబెట్టుకు వచ్చారు. అంతట యజమాని చేతిపని స్త్రీలందరినీ మళ్ళీ పిలిపించారు.

యుద్ధకాలంలో సన్నదారం దిగుమతి నిలిచి యంత్రం ఆగిపోయినప్పుడు, నిల్వ ఉన్న వలబట్టపై ఆ పూలపనే యంత్రశాల వారికి సైతం అన్నం పెట్టింది.

పనిలో ఆమె పట్టుదల ఎంతటిదో సుమిత్ర వివాహం నాడు చర్చిలో అందరం చూశాం. ప్రార్థన వేళ వధువు ముసుగు అంచున కుట్టు ఊడిన ఆకు ఒకటి ఆమె కంటబడింది. వెంటనే కొంగున గుచ్చిన సూది తీసి కుట్టనారంభించారు.

"అమ్మా, పాస్టరు గారు చూస్తున్నరే!"

"కదలకు బిడ్డా, ఆమెన్ అనే లోపల అయిపోతది."

పాస్టరు గారు దయతలచి ప్రార్థనను కొంత పొడిగించారు.

1949 మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మగ్దలీనమ్మ గారికి కంటిచూపు చెదరకుండా, వేళ్ళ ఒడుపు తగ్గకుండా, మనుమల సందడి నడుమ ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయువును ప్రభువు అనుగ్రహించాలని, వారి మొండిపట్టు వల్లనే ఈనాటికీ ఇక్కడ కూర్చుని కుట్టుకుంటున్న మేమందరం మనసారా వేడుకుంటున్నాము.